కాగితం చుట్టిన సీసపు గుండు నాలుగు దెబ్బల తరువాత దారి తప్పుతోంది, కారణం ఏమిటి?

కందుకూరు_కుర్రవాడు

మాది కందుకూరు. ఉద్యోగం కోసం వచ్చి పశ్చిమ టెక్సాస్‌లో స్థిరపడ్డాను. ఇక్కడి షూటింగ్ రేంజిలో సెలవు రోజుల్లో పాతకాలపు పద్ధతిలో, అంటే బ్లాక్ పౌడర్ అనే నల్ల తుపాకి మందుతో, 1874 నాటి అమెరికన్ షార్ప్స్ నమూనాలో ఇప్పుడు తయారవుతున్న .45-70 (తూటా కొలత పేరు) రైఫిల్ పేలుస్తూ ఉంటాను. గుండ్లు కొనను. ఇంటి వెనక షెడ్డులో సీసం కరిగించి నేనే పోసుకుని, వాటికి పలుచని కాగితం రెండు చుట్లు చుట్టి వాడతాను.

రెండు వందల గజాల దూరంలో మొదటి నాలుగు దెబ్బలు ఒక అరచేతితో కప్పగలిగేటంత దగ్గరగా పడతాయి. ఆ తరువాత ఒకటి ఎడమకు పోతుంది, ఒకటి పైకి పోతుంది, మరొకటి అసలు గురి అట్టకే తగలదు. ఇంటికి వచ్చి బ్యారెల్ తుడిస్తే గుడ్డకు మెరిసే సీసపు పొరలు అంటుకుని వస్తున్నాయి. సీసం బ్యారెల్‌కు అంటకూడదనే కదా కాగితం చుట్టేది, మరి ఈ సీసం ఎక్కడి నుంచి వస్తున్నట్టు?

కొలతలు చెబుతాను. బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు, వాటి మధ్య ఉబ్బెత్తు గట్లు ఉంటాయి; ఆ గట్ల మధ్య వ్యాసం 0.450 అంగుళం, గాడుల అడుగున 0.458. వట్టి గుండు 0.442. కాగితం చుట్టి ఆరబెట్టాక సరిగ్గా 0.450 వస్తోంది. కాగితం పలుచని ఉల్లిపొర కాగితం. సీసం మాత్రం పాత కారు చక్రాలకు బిగించే తూకపు బిళ్లలు కరిగించినది. దెబ్బకూ దెబ్బకూ మధ్య బ్యారెల్ తుడవడం లేదు. ఇంగ్లీషు వేదికల్లో అడిగితే నలుగురు నాలుగు మాటలు చెప్పి, చివరికి వేరే రైఫిల్ కొనమన్నారు. మన వేదికలో సీసం చేత్తో పట్టినవాళ్లు, ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లు, పట్టాళంలో ఉండి వచ్చినవాళ్లు ఉన్నారు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

ట్రంకురోడ్డు_రాజా

కందుకూరు నుంచి టెక్సాస్ దాకా వెళ్లి బీడీలు చుట్టినట్టు గుండ్లు చుట్టుకుంటున్నారన్న మాట. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను: ఇనుప గొట్టంలో నుంచి పోయే సీసానికి కాగితం ఏం అడ్డుపడుతుంది? మంటకే కాలిపోదా?

హవల్దార్_గిద్దలూరు

రాజా గారూ, కాలిపోదు. గుండు బ్యారెల్‌లో ఉండేది సెకనులో ఎన్నో వంతు మాత్రమే, ఆ లోపల కాగితం అంటుకునేంత వ్యవధి ఉండదు. బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి, గుండు వాటిని పట్టుకుని గిర్రున తిరుగుతూ బయటకు రావాలి. మెత్తని సీసం నేరుగా ఇనుముకు రాసుకుంటూ పోతే కొంత ఇనుముకే అంటుకుంటుంది, వేగం పెరిగే కొద్దీ ఆ అంటు పెరుగుతుంది. మధ్యలో కాగితం ఉంటే సీసం ఇనుమును తాకదు, అయినా గాడుల పట్టు కాగితం మీదుగా గుండుకు అందుతుంది. గొట్టం మూతి దాటగానే గట్లు కోసిన ఆ కాగితం తిరుగుడు వేగానికి చిన్న చిన్న ముక్కలై ఎగిరిపోతుంది, గుండు మాత్రం నున్నగా ముందుకు పోతుంది. అసలు సంగతి ఇంతే.

ఇది మనకు కొత్త విషయం కూడా కాదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలో గుండు కాగితంలోనే ఉండేది, ఆ కాగితంతోనే దాన్ని గొట్టంలోకి దిగగొట్టేవారు. కాగితానికి పూసిన కొవ్వు ఆవుదనీ పందిదనీ పుట్టిన అనుమానమే 1857లో అంత పని చేసింది. తరువాత 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టినీ-హెన్రీ రైఫిల్‌లో 480 గ్రెయిన్ల (దాదాపు 31 గ్రాముల) గుండుకు కూడా కాగితం చుట్టే ఉండేది, తూటా లోపల 85 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ ఉండేది. ఆ గుండు వట్టి సీసం కాదు, పన్నెండు పాళ్ల సీసానికి ఒక పాలు తగరం.

కుర్రవాడు గారి సమస్యకు నా జవాబు ఒక్క మాటలో: బ్యారెల్ తుడవండి. బ్లాక్ పౌడర్ కాలితే దాని బరువులో సగానికి పైగా పొగగా పోకుండా గట్టి మసిగా మిగులుతుంది. మీరు చుట్టిన గుండు గట్ల మధ్య సరిగ్గా పట్టేటట్టు ఉంది, వెంట్రుకంత ఖాళీ కూడా లేదు. నాలుగు దెబ్బల మసి పేరుకున్నాక ఐదో గుండు లోపలికి పోతూనే కాగితం చిరుగుతుంది. చిరిగిన చోట సీసం ఇనుమును తాకుతుంది.

అచ్చుకూటం_ఒంగోలు

హవల్దార్ గారు చెప్పింది కాదనను గానీ, అది రెండో కారణం. మొదటి కారణం ఆ చక్రాల బిళ్లలు.

నేను ఒంగోలులో అచ్చుకూటంలో చాలాకాలం పనిచేశాను. అచ్చు అక్షరాలు పోసే లైనోటైపు లోహం అంటే వందకు 84 పాళ్లు సీసం, 12 పాళ్లు ఆంటిమనీ, 4 పాళ్లు తగరం. ఆంటిమనీ కలిస్తే సీసం గట్టిపడుతుంది, అచ్చు అంచులు పదునుగా వస్తాయి, మెషిన్ ఒత్తిడికి అక్షరం అరగదు. మాకు కావలసింది ఆ గట్టితనమే. మీకు కావలసింది సరిగ్గా దానికి ఎదురు. కారు చక్రాల బిళ్లల్లో కూడా ఆంటిమనీ ఉంటుంది, లైనోటైపులో ఉన్నంత కాకపోయినా మీ పనికి ఎక్కువే.

మీ లెక్కే చూడండి. చుట్టిన గుండు 0.450, గాడుల అడుగు 0.458. అంటే గుండు బయలుదేరే క్షణాన గాడుల్లో చుట్టూ ఖాళీ ఉంది. మందు పేలిన దెబ్బకు గుండు అడుగు నుంచి నొక్కుకుని, పొట్ట ఉబ్బి, ఆ గాడులను నింపాలి. మెత్తని లోహమైతే తక్షణం నింపుతుంది. గట్టి లోహమైతే నింపడానికి మొరాయిస్తుంది, ఆ ఖాళీలో నుంచి మంట ముందుకు దూసుకువచ్చి కాగితాన్ని మాడ్చి, గుండు పక్కలను కరిగించి బ్యారెల్‌కు పూస్తుంది. మీ గుడ్డ మీద మెరుస్తున్నది అదే.

మసి కారణమైతే మసి మాత్రమే రావాలి కదా, సీసం ఎందుకు వస్తుంది?

హవల్దార్_గిద్దలూరు

కాగితం చిరిగితే సీసం రాక ఏమవుతుంది, అదే కదా రాశాను. పైగా మొదటి నాలుగు దెబ్బలు ఎందుకు బాగున్నాయో మీ వాదనలో జవాబు లేదు. లోహం గట్టిదైతే మొదటి దెబ్బ నుంచే చెడిపోవాలి.

అచ్చుకూటం_ఒంగోలు

మొదటి దెబ్బ నుంచే కొద్దికొద్దిగా చెడుతూ వస్తోంది. కొంత సీసం అంటేదాకా అట్ట మీద కనబడదు, అంతే తేడా.

లేత్_మస్తాన్

పెద్దలిద్దరూ వాదించుకోండి, నేను కొలత మాట చెబుతాను. మీరు 0.450 అంటున్నది ఏ పరికరంతో చూశారు? వెర్నియర్‌తో చూస్తే అది ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) అటూ ఇటూ చెబుతుంది. మీ పనంతా ఒకటి రెండు థౌల మీద నడుస్తున్నప్పుడు మైక్రోమీటర్ తప్ప వేరే దారి లేదు. కాగితం ఒక పొరను కొలవకండి. పది పొరలు పేర్చి, మైక్రోమీటర్ రాచెట్ టక్కుమన్నాక చూసి పదితో భాగించండి.

రెండు చుట్లు అంటే వ్యాసంలో నాలుగు పొరలు కలుస్తాయి. కాగితం రెండు థౌలైతే ఎనిమిది థౌలు పెరగాలి, 442 మీద ఎనిమిది వేస్తే 450. మీ లెక్క కాగితం మీద కుదిరింది. కానీ తడిపి చుట్టిన కాగితం ఆరాక బిగుస్తుంది, అందువల్ల లెక్క కంటే అర థౌ తక్కువ రావడం మామూలు. మీకు సరిగ్గా 450 వచ్చిందంటే కాగితం రెండు థౌల కంటే మందమైనా అయి ఉండాలి, చుట్టు చివరలు ఒకదాని మీద ఒకటి ఎక్కైనా ఉండాలి. చివరలు ఎక్కితే గుండు ఒక పక్క లావుగా ఉన్నట్టే. గుండును వేళ్ల మధ్య తిప్పుతూ నాలుగు చోట్ల కొలిచి చెప్పండి.

పెన్నా_ఒడ్డు

చివరలు ఎక్కకుండా ఉండాలంటే ముక్కను చతురస్రంగా కోయకూడదు. రెండు చివరలనూ ఒకే వాలులో ఏటవాలుగా కోయాలి, అప్పుడు చుట్టాక ఒక అంచు రెండో అంచు పక్కకు వచ్చి ఆనుతుంది. ముక్క పొడవు గుండు చుట్టుకొలతకు రెట్టింపు. 0.442 వ్యాసానికి అది దాదాపు 2.78 అంగుళాలు వస్తుంది. ఒక రేకు ముక్కను ఆ ఆకారంలో కోసి పెట్టుకుని, దాని అంచు వెంబడి బ్లేడుతో కాగితాలు కోసుకుంటే అన్నీ ఒక్కలా వస్తాయి.

చుట్టేటప్పుడు కాగితాన్ని మంచినీళ్లలో ముంచి, అద్దం పలక మీద పరిచి, గుండును దాని మీద దొర్లించాలి. గుండు వాలు మొదలయ్యే చోటుకు పై అంచు, అడుగు దాటి కొంచెం మిగిలేటట్టు కింది అంచు ఉండాలి. ఆ మిగిలినదాన్ని అడుగు మీదకు మెలితిప్పి గాని మడిచి గాని అణచాలి. జిగురు జోలికి పోకండి. సీసానికి అంటుకున్న కాగితం మూతి దగ్గర ఊడి రాదు, ఊడని కాగితంతో పోయే గుండు ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంగతి. కాగితం నూలు పీచుతో చేసినదైతే తడిసినా చిరగదు, ఆరాక బాగా బిగుస్తుంది. కలప గుజ్జు కాగితం తడిస్తే ఊరికే చిరుగుతుంది. మీ ఉల్లిపొర కాగితంలో నూలు ఎంత ఉందో ప్యాకెట్ మీద ఉంటుంది, చూడండి.

ట్రంకురోడ్డు_రాజా

నూలు కాగితమే కావాలంటే మన కరెన్సీ నోట్లు నూలువే. రెండు వందల గజాలకు ఒక్కో నోటు పంపితే అట్ట దగ్గర నిలబడటానికి నెల్లూరు నుంచి మనుషులను నేను పంపిస్తాను.

కొత్తపట్నం_వల

మాది సముద్రం ఒడ్డు. గుండ్ల సంగతి నాకు తెలియదు, సీసం పోత తెలుసు. వలలకు కట్టే సీసపు గుళ్లు మా ఇంట్లో మా నాన్న పోసేవారు, ఇప్పుడు నేను పోస్తాను. అందుకని పోత గురించి రెండు మాటలు.

అచ్చు చల్లగా ఉన్నప్పుడు పోస్తే గుండు ఒంటి మీద ముడతలు పడతాయి. అచ్చు మరీ వేడెక్కితే ముడతలు ఉండవు గాని పైన తెల్లగా మంచు పట్టినట్టు మసక వస్తుంది. మేము వల గుళ్లకు మసక వచ్చినా పట్టించుకోము, ముడత వస్తే మాత్రం మళ్లీ కుండలో వేస్తాము, ఎందుకంటే ముడత దగ్గర దారం కోసుకుపోతుంది. కాగితం చుట్టే గుండుకు నున్నని ఒళ్లు ఇంకా ముఖ్యం అనుకుంటాను.

కరిగిన సీసం మీద బూడిదరంగు తెట్టు కడుతుంది. దాన్ని అలాగే గీకి పారేయకూడదు, అందులో తగరం కూడా పోతుంది. తేనెమైనం ముక్క ఒకటి వేసి, అంటుకుని మండుతుండగా గరిటెతో అడుగు నుంచి తిప్పితే లోహం మళ్లీ లోపలికి కలిసిపోయి మట్టి మాత్రం పైకి తేలుతుంది. అప్పుడు తీసేయాలి.

ఇక నీళ్లు. కరిగిన సీసంలోకి ఒక్క చుక్క పడినా అది ఆవిరై కుండలోని లోహాన్నంతా పైకి చిమ్ముతుంది. పైన పడిన చుక్క కంటే తడి గరిటెతోనో తడి సీసం ముక్కతోనో లోపలికి దిగిన తడి చాలా ప్రమాదం. మా పక్క ఇంటాయన తుఫాను తరువాత తడిసిన పాత గుళ్లను ఆరబెట్టకుండా కుండలో వేశారు, మోచేయి దాకా బొబ్బలు. చెమట కారుతుంటే కుండ మీదకు వంగకండి.

కందుకూరు_కుర్రవాడు

వల గారూ, ఇక్కడ మంచు పట్టిన తెలుపే వస్తోంది, ముడతలు లేవు. అంటే అచ్చు వేడి ఎక్కువే. మస్తాన్ గారూ, మీరు అన్నట్టే మైక్రోమీటర్ పెట్టి తిప్పి చూశాను. ఒక దిక్కున 0.4495, అడ్డంగా 0.4515. చివరలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

రేంజిలో మూతికి ముందు పది పదిహేను అడుగుల దాకా పడిన కాగితం ముక్కలు ఏరి చూశాను. మొదటి దెబ్బల ముక్కలు సన్నని రిబ్బన్ల మాదిరి నిలువునా తెగి, అంచులు తెల్లగా ఉన్నాయి. తరువాతి వాటిలో కొన్ని గోధుమరంగుకు మాడి, మధ్యలో చిల్లులు పడి ఉన్నాయి. ఒకటైతే సగం చుట్టు తెగకుండా గొట్టం ఆకారంలోనే దొరికింది.

అచ్చుకూటం_ఒంగోలు

మాడిన అంచు ఎవరి పక్షమో నేను వేరే చెప్పనక్కరలేదు. అడుగు నుంచి మంట జారిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

హవల్దార్_గిద్దలూరు

మొదటి దెబ్బల ముక్కలు తెల్లగా ఉన్నాయన్నది మీరు చదవనట్టుంది. లోహం అదే, కాగితం అదే, మారింది మసి ఒక్కటే.

ఉదయగిరి_కొండ

మా తాతగారికి పంటల కాపలా కోసం లైసెన్సు ఉన్న మూతి నుంచి మందు కూరే తుపాకి ఉండేది. అడవిపందులు వేరుశనగ చేను పట్టినప్పుడు బయటకు తీసేవారు. గుండ్రని గోలీకి పాత పంచె గుడ్డను కొవ్వులో తడిపి చుట్టి దిగగొట్టేవారు. అది గుడ్డ, ఇది కాగితం, పని మాత్రం ఒకటే అనిపిస్తోంది. పేల్చిన రోజు రాత్రి ఎంత పొద్దుపోయినా వేడినీళ్లు గొట్టంలో పోసి కడగనిదే అన్నానికి కూర్చునేవారు కాదు. ఆ మసి నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు, పొద్దుటికల్లా తుప్పు తెస్తుంది అనేవారు.

ఇప్పుడు తుపాకి లేదు, లైసెన్సు తాతగారితోనే పోయింది, పందులు మాత్రం ఉన్నాయి. ఈ కాగితం పద్ధతి మన నాటు తుపాకులకు పనికివస్తుందా?

నెల్లూరు_వకీలు

ఇది చదివి ఎవరైనా ఊళ్లో ప్రయోగం మొదలుపెట్టేలోగా నా మాట వినండి. కుర్రవాడు గారు ఉన్న చోట ఇది చట్టబద్ధమైన వినోదం. ఇక్కడ కాదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం ఆయుధాలు గాని, తూటాలు గాని తయారు చేయడానికి ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. తుపాకి పెట్టుకునే లైసెన్సు ఉన్నంత మాత్రాన గుండ్లు పోసుకునే హక్కు రాదు. తూటా భాగాలు కూడా చట్టంలో ఇచ్చిన నిర్వచనంలోకే వస్తాయి. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని తయారీకి ఏడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. ఆ సవరణతోనే ఒక మనిషికి ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

కొండ గారూ, కనుక మీ ప్రశ్నకు జవాబు కాగితం దగ్గర కాదు, కలెక్టరాఫీసు దగ్గర మొదలవుతుంది.

కుర్రవాడు గారికి ప్రత్యేకంగా: పండక్కి ఇంటికి వచ్చేటప్పుడు నలుగురికీ చూపిద్దామని ఒక చుట్టిన గుండునో, ఖాళీ ఇత్తడి తొడుగునో జేబులో వేసుకు రాకండి. షూటింగ్‌కు వాడే బ్యాగునే విమానానికి తెచ్చుకుని, దాని మూలలో ఒక తూటా మిగిలిపోయి విమానాశ్రయంలో ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. తెలిసి ఉంచుకున్నాడా, తెలియక ఉండిపోయిందా అన్నది కోర్టులు చూస్తాయి. కానీ అది తేలేదాకా పాస్‌పోర్టు మీ చేతిలో ఉండదు.

ఉదయగిరి_కొండ

వకీలు గారు అంతా చెప్పారు కనుక పందులకు ముళ్లకంచెతోనే సరిపెట్టుకుంటాను.

లేత్_మస్తాన్

అందుకే ఈ మధ్య ఒకాయన అచ్చు చేసిపెట్టమని బొమ్మ గీసుకు వస్తే నేను పని పట్టలేదు. వల గుళ్ల అచ్చు అన్నాడు. వల గుండుకు మొన ఎందుకని అడిగితే మళ్లీ కనబడలేదు.

పెన్నా_ఒడ్డు

మస్తాన్ అన్నా, ఆయన ఈ వేదికలోనే ఉన్నాడేమో చూడు.

నెల్లూరు_వైద్యం

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. చక్రాల బిళ్లల దాకా సరే, పాత బ్యాటరీల సీసం మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. వాటి పలకల్లో ఆర్సెనిక్, ఆంటిమనీ ఉంటాయి, కరిగించినప్పుడు, ఆ మడ్డికి తరువాత తేమ తగిలినప్పుడు విషవాయువులు పుట్టవచ్చు. మామూలు సీసంతో భయం పొగ కంటే చేతుల నుంచే ఎక్కువ. చేతికంటిన పొడి అన్నంతోనో సిగరెట్‌తోనో నోట్లోకి పోతుంది. పోత బట్టలు ఇంట్లోకి తేవద్దు, పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. వల గారూ, మీ ఇంట్లో పిల్లలుంటే పోత పెరట్లో కాకుండా దూరంగా పెట్టుకోండి, పిల్లలకు ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

కొత్తపట్నం_వల

పెరట్లోనే పోస్తున్నాను. మారుస్తాను.

కందుకూరు_కుర్రవాడు

హవల్దార్ గారి మాటకూ, అచ్చుకూటం గారి మాటకూ విడివిడిగా పరీక్ష పెట్టాలనుకుంటున్నాను. ముందు పాత లోహంతోనే, దెబ్బ దెబ్బకూ తడి గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి తోసి చూస్తాను. తరువాత మెత్తని లోహం పోస్తాను. అచ్చుకూటం గారూ, సీసానికి తగరం ఎంత కలపమంటారు? ఇక్కడ శుద్ధ సీసం దొరుకుతుంది, తగరం ఖరీదు మండిపోతోంది.

అచ్చుకూటం_ఒంగోలు

ఇరవై పాళ్లకు ఒక పాలుతో మొదలుపెట్టండి. రెండు కిలోల సీసానికి వంద గ్రాముల తగరం. అరవై-నలభై సోల్డర్ మీకు చవకగా దొరికితే అందులో వందకు అరవై పాళ్లు తగరమే కనుక 167 గ్రాములు వేస్తే సరిపోతుంది. తగరం ఎక్కువైతే మళ్లీ గట్టిపడుతుంది, డబ్బూ దండగ. మా రోజుల్లో కళాయి పూసే సాయిబు దగ్గర తగరం కడ్డీ ముక్కలు కొనుక్కునేవాళ్లం. చేతిలో వంచితే కిర్రుమని చప్పుడు చేసేది, కల్తీదైతే ఆ చప్పుడు రాదు.

చక్రాల బిళ్లలు మళ్లీ ఎప్పుడైనా వాడితే వాటిలో జింకువి కలవకుండా చూసుకోండి, ఈ మధ్య వాటినే ఎక్కువ తయారు చేస్తున్నారు. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, జింకుకు 420 దాకా కావాలి. కుండ వేడి 370, 380 దగ్గర ఉంచితే జింకు బిళ్లలు కరగకుండా పైకి తేలతాయి, గరిటెతో ఏరేయవచ్చు.

మార్కాపురం_పలక

సీసం మాట వచ్చింది కనుక ఒకటి. వినుకొండ వైపు అగ్నిగుండాల దగ్గర బండ్లమొట్టులో హిందుస్థాన్ జింక్ వారి సీసపు గని ఉండేది, తరువాత మూతపడింది. మా చుట్టాలు అక్కడ పనిచేశారు. మన పక్కనే ఇంత సీసం ఉండగా టెక్సాస్ చక్రాల బిళ్లలు ఎందుకు అనబోతున్నాను గానీ, వకీలు గారు చూస్తున్నారు.

అవునుగానీ, ఈ కాగితం గుండ్లతో ఎంత దూరం కొట్టేవారు? రెండు వందల గజాలేనా?

హవల్దార్_గిద్దలూరు

వెయ్యి గజాలు. 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మోర్‌లో ఐర్లాండ్ జట్టుకూ అమెరికా జట్టుకూ 800, 900, 1000 గజాల పోటీ జరిగింది. ఐర్లాండ్ వారివి మూతి నుంచి మందు కూరే రైఫిళ్లు, అమెరికా వారివి వెనక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లు. అమెరికాకు 934, ఐర్లాండ్‌కు 931 వచ్చాయి. ఐర్లాండ్ షూటర్ ఒకాయన ఒక దెబ్బ నట్టనడుమ కొట్టాడు, కాకపోతే పక్కవాడి అట్ట మీద. అప్పట్లో నట్టనడుమకు నాలుగు మార్కులు. లెక్క మీరే వేసుకోండి.

ట్రంకురోడ్డు_రాజా

935. ఒక్క మార్కుతో గెలిచేవారు. పాపం, ఆ రాత్రి ఆయనను జట్టువాళ్లు ఏమన్నారో.

కందుకూరు_కుర్రవాడు

రేంజికి వెళ్లి వచ్చాను. చుట్టు చివరలు సరిచేసి, ఏటవాలు కోత కోసి, పాత గట్టి లోహంతోనే దెబ్బ దెబ్బకూ తుడిచి పేల్చాను. చెదరడం దాదాపు ఆగిపోయింది, అట్ట దాటి పోయినది ఒక్కటీ లేదు. హవల్దార్ గారికి నమస్కారం. కానీ ఇంటికి వచ్చి చూస్తే సీసపు పొరలు తగ్గాయే గాని పోలేదు, ఏరిన కాగితాల్లో కొన్నిటి అడుగు అంచులు ఇంకా మాడే ఉన్నాయి.

తరువాత ఒకటికి ఇరవై లోహంతో పోసిన గుండ్లు పట్టుకెళ్లాను. పోత వేడి తగ్గించాను, తెల్ల మసక పోయింది. గుడ్డ మీద మసి తప్ప ఏమీ రాలేదు. ముక్కలన్నీ తెల్లగా, ఒకే వెడల్పు రిబ్బన్లుగా తెగాయి. ఒక ముక్కను వెలుగుకు ఎత్తి పట్టి చూస్తే గట్టు అంచు ఒరుసుకుపోయిన గీత సన్నగా, ఏటవాలుగా కనబడింది. అచ్చుకూటం గారికి కూడా నమస్కారం.

తుడవకుండా మెత్తని లోహంతో పేల్చి చూస్తే మాత్రం మళ్లీ చెదిరిపోయాయి. ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది, మసి రాయిలా గట్టిపడుతుంది.

హవల్దార్_గిద్దలూరు

పొడి గాలి అని ముందే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. గుడ్డతో తుడిచే తీరిక లేనప్పుడు ఒక గొట్టం పెట్టి వెనక నుంచి బ్యారెల్‌లోకి నాలుగైదు సార్లు నిండుగా ఊపిరి ఊదండి. మన నోటి తేమకు మసి మెత్తబడుతుంది. తుపాకి తెరిచి, లోపల తూటా లేదని కంటితో చూసుకున్న తరువాతే ఊదాలి, మూతి వైపు నుంచి ఎప్పుడూ ఊదకూడదు. కావలి ఒడ్డున ఉప్పుగాలికి ఆ ఊదుడు కూడా అక్కరలేదు, మసి తడిగానే ఉంటుంది.

అచ్చుకూటం_ఒంగోలు

గుడ్డతో తుడిచినా లోహం మెత్తగా ఉంటేనే సీసం పోయిందని ఇక్కడ రాసి ఉంది. నేను ఇంతటితో ఊరుకుంటాను.

హవల్దార్_గిద్దలూరు

మెత్తని లోహమైనా తుడవకపోతే చెదిరిందని దాని కిందే రాసి ఉంది. నేనూ ఊరుకుంటాను.

కందుకూరు_కుర్రవాడు

ఇంకొకటి మిగిలింది. శుభ్రంగా తుడిచి నూనె పెట్టిన బ్యారెల్ నుంచి పోయే మొట్టమొదటి గుండు మాత్రం ఎప్పుడూ మిగతా గుంపుకు పైన పడుతోంది. రెండోది నుంచి కుదురుకుంటోంది. ఎందుకు?

లేత్_మస్తాన్

పేల్చే ముందు ఆ నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తీసేస్తున్నారా? నూనె పొర మీద పోయే గుండుకూ, సన్నని మసి మీద పోయే గుండుకూ రాపిడి ఒకటి కాదు. ఒక వట్టి దెబ్బ మట్టి కట్ట మీదకు కొట్టి, తుడిచి, అప్పుడు అట్ట మీద మొదలుపెట్టండి. దానితో కుదరకపోతే బ్యారెల్ మూతి దగ్గర, వెనక భాగంలో, మధ్యలో మెత్తని సీసం ముక్క తోసి మూడు చోట్లా కొలతలు తీసి ఇక్కడ పెట్టండి. సీసం ముక్క చల్లారాకనే మైక్రోమీటర్ పెట్టాలి, చేతి వేడి మీద కొలిస్తే నాకు ఆ అంకెలు పనికిరావు.